వీసా వచ్చింది సరే, రూం ఎవరిస్తరు?

లాల్‌దర్వాజ, అలియాబాద్, శాలిబండ, ఛత్రినాక, ఉప్పుగూడ. ఈ బస్తీల నుంచి ఇప్పుడు మన పిల్లలు అమెరికాకు, లండన్‌కు, జర్మనీకి చదువుకు పోతున్నరు. తల్లి మున్సిపాలిటీల రోడ్లు ఊడుస్తది, తండ్రి ఆటో నడుపుతడు, బిడ్డ ఎమ్మెస్ చదువుతానని విమానం ఎక్కుతది. ఇది చిన్న సంగతి కాదు. బడి గడప తొక్కనియ్యని కులాల బిడ్డలు సముద్రాలు దాటుతున్నరంటే అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. అంబేద్కర్ కొట్లాడి తెచ్చిన హక్కు, తల్లిదండ్రుల చెమట, పిల్లల పట్టుదల మూడూ కలిసి తెచ్చింది. అందుకు మేం సంతోషపడుతున్నం.

అయితే సంతోషంతోనే సంఘం పని తీరిపోదు. ఒక పిల్లకు వీసా వచ్చిందంటే బస్తీల ఏం జరుగుతున్నది? ఫ్లెక్సీ కడుతున్నరు. శాలువా కప్పుతున్నరు. నాయకుడొచ్చి ఫొటో దిగుతున్నడు. రెండు బండ్లల్ల శంషాబాద్ దాకా పోయి సాగనంపుతున్నరు. అక్కడికి అయిపోయింది. విమానం దిగినంక ఆ పిల్ల ఎక్కడ పండుకుంటది? ఏం తింటది? చేతిల ఎన్ని పైసలున్నయి? జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేస్తది? ఈ నాలుగు ప్రశ్నలు అడిగే మనిషి లేడు. మేం సూటిగా చెప్పదలుచుకున్నది ఒక్కటే. పరాయి దేశంల మన బిడ్డల మొదటి నెలను వాళ్ళ తలరాతకు వదిలెయ్యొద్దు. అది మన ఉద్యమం చెయ్యాల్సిన పని.

"ఊళ్ళల్ల భూమి లేదు, కూలి గిట్టుబాటు కాదు, దాడులు ఆగలేదు. అవన్నీ వదిలి అమెరికా పోయెటోళ్ళ గురించి మాట్లాడుతరా?" అని కొందరు కార్యకర్తలు మమ్మల్ని అడుగుతున్నరు. అడగదగిన ప్రశ్నే. దానికి జవాబు 1913 నాటి చరిత్రల ఉన్నది.

ఆ ఏడాది జూలైల 22 ఏండ్ల అంబేద్కర్ న్యూయార్క్‌ల దిగిండు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్ నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేండ్ల పాటు. కొలంబియా యూనివర్సిటీల హార్ట్‌లీ హాల్ అనే హాస్టల్‌ల మొదట చేరిండు. అక్కడి తిండి పడలేదు. వారం రోజుల్లనే అక్కడి నుంచి మారి, మన దేశం విద్యార్థులు కొందరున్న కాస్మోపాలిటన్ క్లబ్బుకు పోయిండు. ఆఖరికి లివింగ్‌స్టన్ హాల్‌ల రూం దొరికింది. ఆ రూంల తోడున్నది నావల్ భతేనా అనే పార్సీ విద్యార్థి. ఆ స్నేహం చదువుతోటే ముగిసిపోలేదు. సగంల ఆగిన లండన్ చదువు పూర్తి చేసేటందుకు 1920ల అంబేద్కర్ మళ్ళా బయలుదేరినప్పుడు అప్పిచ్చి ఆదుకున్నది ఈ భతేనానే. ఒక రూంల పక్క మంచం మీద పండుకున్న మనిషి మంచోడైతే ఒక జాతి చరిత్రకు ఎంత మేలు జరుగుతదో ఇక్కడ చూడండి. ఆ కొలంబియాలనే 1916 మేల అంబేద్కర్ భారతదేశంల కులాల పుట్టుక మీద తన వ్యాసం చదివిండు. మొదటి నెలల్ల ఆ పిల్లగాడు తిండి పడక, తోడు లేక వాపసు వచ్చి ఉంటే మనకేం మిగిలేది?

ఇక రెండో సగం వినండి. స్కాలర్‌షిప్ గడువు తీరిపోయి 1917ల అంబేద్కర్ దేశానికి తిరిగొచ్చి, ఒప్పందం ప్రకారం బరోడాల కొలువుకు పోయిండు. కొలంబియాల, లండన్‌ల చదివిన మనిషికి బరోడాల ఒక్క హిందూ హోటల్ రూం ఇయ్యలేదు. ఆఖరికి ఒక పార్సీ సత్రంల పార్సీ పేరు రాయించుకొని దిగాల్సొచ్చింది. పదకొండో రోజు కర్రలు పట్టుకొని జనం వచ్చి వెళ్ళగొట్టిన్రు. ఒక హిందూ స్నేహితుడిని అడిగిండు, ఒక క్రైస్తవ స్నేహితుడిని అడిగిండు. ఇద్దరూ వీలు కాదన్నరు. రైలు టైం దాకా పబ్లిక్ తోటల కూసొని బొంబాయికి పోయిండు. ఈ సంగతులన్నీ ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న పుస్తకంల రాసుకున్నడు. ఆ పేరుకు అర్థం వీసా కోసం ఎదురుచూపు. సొంత దేశంల బతికేటందుకు వీసా దొరకని మనిషి రాసిన పుస్తకం అది.

మరి ఏది పరాయి నగరం? న్యూయార్కా, బరోడానా?

ఈ ప్రశ్న మన హైదరాబాద్‌ను కూడ అడగాలె. గచ్చిబౌలిల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను 2015 డిసెంబర్‌ల హాస్టల్ నుంచి బయటికి పంపిన్రు. చలిల, యూనివర్సిటీ నడిబొడ్డున, టెంటు వేసుకొని పండుకున్నరు. దానికి వాళ్ళే 'వెలివాడ' అని పేరు పెట్టిన్రు. ఆ ఐదుగురిల ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నడు. చదువుకునేటోనికి రూం అంటే నాలుగు గోడలు మాత్రమే కాదు. నువ్వు ఇక్కడోనివే, ఉండు అని చెప్పే మాట అది. రూం గుంజుకున్నరంటే ఆ మాటను గుంజుకున్నట్టే.

పాలమూరు నుంచో నల్లగొండ నుంచో బతుకుదెరువుకు పట్నం వచ్చిన మన పెద్దలకు ఈ సంగతి పుస్తకాలు చదివి తెల్సుకోవాల్సిన పని లేదు. కిరాయి ఇల్లు అడిగితే "మీరేమిట్లు?" అన్న ప్రశ్న ముందుగాల వస్తది. జవాబు చెప్పినంక "ఇల్లు వేరేటోళ్ళకు మాటిచ్చినం" అన్న మాట వస్తది. ఊరిడిసి వచ్చిన మొదటి వారం ఒక చుట్టం గుడిసెల, ఒక సంఘం పెద్ద అరుగు మీద గడిపి నిలదొక్కుకున్నోళ్ళే మన బస్తీలన్నీ కట్టుకున్నరు. కాబట్టి పరాయి నగరంల మొదటి రోజులు ఎట్లుంటయో మనకు బాగా ఎరుక. ఆ ఎరుకను మన పిల్లలకు అక్కరకు వచ్చేటట్టు చెయ్యలేకపోతున్నం. బాధ అదే.

ఇప్పుడు లెక్కలు మాట్లాడుదాం. అమెరికాకు పోవాలంటే విమానం టికెట్ కంటే ముందుగాల వీసా ఫీజు 185 డాలర్లు, సెవిస్ అనే ఇంకో ఫీజు 350 డాలర్లు కట్టాలె. ఇంగ్లండ్‌కు పోతే విద్యార్థి వైద్యం పేరు మీద 2024 ఫిబ్రవరి నుంచి ఏడాదికి 776 పౌండ్లు ముందే వసూలు చేస్తున్నరు. జర్మనీకి పోవాలంటే 2024 సెప్టెంబర్ లెక్క ప్రకారం 11,904 యూరోలు బ్యాంకుల ముట్టకుండ పెట్టి చూపాలె. అక్కడ దిగినంక రూం అడ్వాన్సు, మొదటి నెల కిరాయి, చలికోటు, పరుపు, సిమ్ము, బస్సు పాసు, అన్నిటికీ మొదటి వారంలనే పైసలు కావాలె. అక్కడ ఒక పూట తిండి పైసలు ఇక్కడ మన ఇంటి రెండు రోజుల ఖర్చు. పిల్లలు రూపాయలల్ల లెక్క కట్టుకొని కడుపు మాడ్చుకుంటరు. "తిన్నవా బిడ్డా" అని తల్లి అడిగితే "తిన్ననమ్మా" అంటరు.

సర్కారు సాయం లేదా? ఉన్నది. 2013ల ఉమ్మడి రాష్ట్రంల మొదలైన అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద తెలంగాణల ఎస్సీ విద్యార్థికి 20 లక్షల దాకా ఇస్తరు. ఇది మంచి పథకం. కొట్లాడి నిలబెట్టుకోవాల్సిన పథకం. కానీ దాని నిబంధన చూడండి. మొదటి 10 లక్షలు ఎప్పుడిస్తరు? పిల్ల ఆ దేశంల దిగి, దిగినట్టు కాగితం పంపినంక. రెండో 10 లక్షలు మొదటి సెమిస్టర్ పాసైనంక. అంటే విమానం ఎక్కేదాకా పైస రాదు. దిగిన రోజు పైస చేతిల ఉండదు. కాగితం పోవాలె, ఆఫీసర్ చూడాలె, బిల్లు కదలాలె, ట్రెజరీ దాటాలె. ఈలోపు మొదటి నెల గడిచిపోతది. పైస అన్నిటికంటే ఎక్కువ అక్కరున్న రోజుల్లనే సర్కారు చెయ్యి ఖాళీగా ఉంటదన్నట్టు. ఈ నిబంధన రాసినోళ్ళు తండ్రి ఖాతాల పైసలున్న పిల్లలను మనసుల పెట్టుకొని రాసినట్టున్నది.

బ్యాంకుల సంగతి చెప్పనవసరమే లేదు. ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకు మామూలుగా ఆస్తి జామీను అడుగుతరు. భూమి లేనోని దగ్గర, పట్టా లేని ఇంట్ల ఉన్నోని దగ్గర ఏం జామీను ఉంటది? అందుకే తల్లి పుస్తెలతాడు సేటు దగ్గర గిర్వి పెడతరు. మిత్తికి తెస్తరు. చిట్టీ ఎత్తుతరు. పిల్ల విమానం దిగకముందే ఇక్కడ మిత్తి పెరగడం మొదలైతది.

కేంద్ర ప్రభుత్వం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కథ ఇంకో తీరు. 2022 ఫిబ్రవరిల నిబంధనలు మార్చి, భారతదేశ చరిత్ర, సంస్కృతి, సమాజం మీద పరిశోధన చేస్తమంటే ఈ స్కాలర్‌షిప్ రాదన్నరు. కులం గురించి బయటి దేశంల చదవొద్దని చెప్పడమే కదా ఇది? ఈ లెక్కన 1916ల కులం మీద వ్యాసం రాసిన అంబేద్కర్ ఇయ్యాల దరఖాస్తు పెట్టుకుంటే ఆయనకు కూడ రాదు. ఆయన పటానికి దండలేసే సర్కార్లే ఆయన బాటల నడిచే పిల్లలకు తలుపులు మూస్తున్నయి. 2025 జూలైల ఎంపికైన 106 మందిల మొదట 40 మందికే మంజూరు కాగితాలు ఇచ్చి, నిధులుంటే మిగిలినోళ్ళకు చూస్తమన్నరు. కాలేజీలు తెరిచే గడియల పిల్లలకు చెప్పే మాటనా అది?

ఇప్పుడు అవతలి పక్క చూద్దాం. ఆస్తిపర కులాల పిల్లగాడు అమెరికాల దిగితే ఏమైతది? బాబాయి కొడుకు కారు తీసుకొని వస్తడు. మేనమామ వరస ఆయన ఇంట్ల పది రోజులు ఉంటడు. ఊరాయన రూం చూపిస్తడు. సంఘం మనిషి కాగితాలు దిద్దుతడు. ఏ ప్రొఫెసర్ మంచోడు, ఏ కోర్సు తీసుకోవాలె, అన్నీ ముందే చెవిల వేస్తరు. వాళ్ళు తమ పిల్లలకు సాయపడుతున్నరని మేం తప్పు పట్టడం లేదు. సాయం మంచిదే. కానీ దానికి 'తెలుగోళ్ళ ఐక్యత' అని పేరు పెట్టుకుంటే మాత్రం నిలదీస్తం. ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, ఊరిల ఏ దిక్కు ఇల్లో అడిగి తెరిచే తలుపు ఏం తెలుగు తలుపు?

ఆషాఢమాసంల మా లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి బోనాలకు రాష్ట్రమంతా కదిలి వస్తది. ఆ పండుగ ఇప్పుడు సముద్రాలు దాటింది. లండన్‌ల కూడ బోనాలు ఎత్తుతున్నరు. మంచిదే. మన డప్పు సప్పుడు లండన్‌ దాకా పోయింది. మరి ఆ డప్పు కొట్టినోని మనుమడు లండన్‌ల దిగితే వానికి ఒక మంచం చూపించే ఇల్లున్నదా? డప్పు కావాలె, డప్పు కొట్టెటోని బిడ్డ వద్దంటే అది సంస్కృతి అనిపించుకోదు.

"అక్కడ కులం ఎక్కడిది?" అని అమాయకంగ అడిగెటోళ్ళకు మేం కొన్ని తారీఖులు చెప్తం. అమెరికాల బ్రాండైస్ యూనివర్సిటీ 2019 డిసెంబర్‌ల కుల వివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 23 క్యాంపస్‌లకూ 2022 జనవరిల అదే పని చేసింది. 2023 ఫిబ్రవరిల సియాటెల్ నగరం చట్టమే చేసింది. అమెరికాల అట్ల చేసిన మొదటి నగరం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ బిల్లు పాస్ చేస్తే అక్టోబర్‌ల గవర్నర్ సంతకం పెట్టకుండ వాపసు పంపిండు. రోగమే లేకుంటే మందు కోసం ఇంత కొట్లాట ఎందుకు?

చట్టాలు రావాలె. కొట్లాడినోళ్ళకు మా జై భీములు. కానీ చట్టం రాత్రి పది గంటలకు వంటింట్లకు రాదు. నలుగురు పిల్లలు కిరాయికున్న రూంల "మీ ఇంటిపేరేంది, మీ నాయిన ఏం చేస్తడు, నీకు రిజర్వేషన్ల సీటొచ్చిందా" అని మొదటి వారంలనే ఆరా మొదలైతది. అందుకే మన పిల్లల్ల ఎంతోమంది ఇంటిపేరు మింగేసి, సర్టిఫికెట్ పెట్టె అడుగున పెట్టి, పటం తీసి దాచి బతుకుతున్నరు. బరోడాల అంబేద్కర్ వేరే పేరు రాయించుకున్న రోజు నుంచి నూరేండ్లు దాటిపోయినయి. మన పిల్లల బ్యాగుల ఆ మారుపేరు ఇంకా ఉన్నది. దాచుకున్న పిల్లలను మేం నిందించం. ఒంటరిగా ఉన్నోడు దాచుకుంటడు. పక్కన నలుగురుంటే దాచుకునే అక్కర ఉండదు. ఆ నలుగురిని సంపాదించి పెట్టకుండ "ధైర్యంగ చెప్పుకో బిడ్డా" అని ఇక్కడి నుంచి ఉపన్యాసం ఇవ్వడం తేలిక.

ఒంటరితనానికి ఇంకో ప్రమాదం కూడ ఉన్నది. దారి చెప్పెటోడు లేకుంటే మోసం చేసెటోడు దారి చెప్తడు. 2011 జనవరిల కాలిఫోర్నియాల ట్రైవ్యాలీ యూనివర్సిటీ బూటకం బయటపడ్డప్పుడు నష్టపోయినోళ్ళల్ల ఎక్కువమంది మన తెలుగు పిల్లలు. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు కట్టిన్రు. 2019 జనవరిల ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి ఇంకా ఘోరం. మిషిగన్‌ల అమెరికా అధికారులే ఉత్తుత్తి యూనివర్సిటీ పెట్టి, చేరిన పిల్లలను అరెస్టు చేసిన్రు. వాళ్ళల్ల కూడ మనోళ్ళే ఎక్కువ. చేర్పించిన దళారులు కూడ తెలుగోళ్ళే. అప్పు మెడ మీదుంటే పిల్లలు తొందరపడతరు. అమెరికాల కాలేజీ నడిచే రోజుల్ల క్యాంపస్‌లనే వారానికి 20 గంటలే పని చెయ్యాలని రూలు. మొదటి నెల కిరాయి కట్టలేని పిల్లకు ఈ రూలు ఎట్ల గుర్తుంటది? ఎవడో పెట్రోలు బంకుల రాత్రి పని చూపిస్తడు. దొరికితే చదువూ పోతది, వీసా పోతది, అప్పు మిగులుతది.

అందుకే మేం కొన్ని పనులు ముందల పెడుతున్నం. చర్చ చెయ్యండి, తప్పుంటే దిద్దండి.

సర్కారును అడగాల్సింది: విద్యానిధి మొదటి విడతను వీసా వచ్చిన వెంటనే, విమానం ఎక్కకముందే ఇయ్యాలె. మొత్తం ఇయ్యడానికి భయమైతే మూడు నెలల ఖర్చన్నా ముందుగాల చేతిల పెట్టాలె. రెండో విడతకు తారీఖు రాసి ఇయ్యాలె. కేంద్రం 2022ల పెట్టిన అడ్డు నిబంధనను తీసెయ్యాలె.

సంఘాలు చెయ్యాల్సింది: ప్రతి జిల్లాల ఒక పుస్తకం పెట్టండి. మన పిల్లలు ఏ దేశంల, ఏ ఊర్ల ఉన్నరో వాళ్ళను అడిగి, వాళ్ళు ఒప్పుకుంటేనే రాసుకోండి. కొత్తగా పోయేటోళ్ళను పాతోళ్ళతోటి కలపండి. పోయే ముందు ఒక ఆదివారం కూసోబెట్టి మాట్లాడండి. ఏ కాలేజీ అసలుది, ఏది బూటకం, రూం కాగితం మీద సంతకం పెట్టేముందు ఏం చూడాలె, ఎన్ని గంటలు పని చెయ్యొచ్చు, అవమానం జరిగితే యూనివర్సిటీల ఎవరికి రాయాలె, అన్నీ పోయొచ్చినోళ్ళతోటే చెప్పించండి. ఫ్లెక్సీకి, శాలువాకు పెట్టే పైసలు ఒక డబ్బాల వేసి మొదటి నెల నిధి పెట్టండి. ఉద్యోగం వచ్చినంక పిల్లలు తిరిగి ఆ డబ్బాల వేస్తరు, తర్వాతి పిల్లకు అక్కరకు వస్తది.

ఊళ్ళల్ల చెయ్యాల్సింది: పదో తరగతి మెమోల ఒక పేరు, ఆధార్‌ల ఒక పేరు, పాస్‌పోర్టుల ఇంకో పేరు ఉంటే ఆఖరి గడియల అన్నీ ఆగిపోతయి. డిగ్రీల ఉన్నప్పుడే దిద్దించండి. కుల సర్టిఫికెట్, ఆదాయ సర్టిఫికెట్ మీసేవల ముందుగాల తీసి పెట్టుకోండి. ఒక కార్యకర్త ఈ పని మీద వేసుకుంటే ఊరికి పదిమంది పిల్లలు బాగుపడతరు.

ఇప్పటికే అక్కడ స్థిరపడ్డ మన అన్నలకు, అక్కలకు ఒక మాట: మీరెట్ల కష్టపడ్డరో మాకు ఎరుక. మీ పైసలు అడగడం లేదు. మీ సోఫా అడుగుతున్నం. ఒక కొత్త పిల్లకు పది రోజులు మీ ఇంట్ల చోటియ్యండి. కాలేజీ దాకా ఒక్కసారి తోలుకపోండి. ఆదివారం పిలిచి అన్నం పెట్టండి. 1913ల ఒక పార్సీ పిల్లగాడు చేసిన పని అంతే.

పోయే పిల్లలకు ఇంకో మాట. పచ్చడి సీసాలతో పాటు ఇద్దరి ఫోన్ నంబర్లు కూడ పట్టుకపోండి. కడుపు మాడ్చుకోకండి. రూంల అవమానం జరిగితే అది మీ తప్పు కాదని ముందుగాల మీకు మీరు చెప్పుకోండి, తర్వాత మాకు చెప్పండి. బాగున్నమని అబద్ధం చెప్పి అందరినీ మురిపించే బాధ్యత మీ మీద లేదు. చదువు పూర్తి చెయ్యండి. మీ వెనుక వచ్చే పిల్లకు రూం చూసి పెట్టండి.

భూమి కోసం కొట్లాడుదాం, కూలి కోసం కొట్లాడుదాం, ఆత్మగౌరవం కోసం కొట్లాడుదాం. ఆ కొట్లాటల్ల మన బిడ్డకు దొరకాల్సిన ఒక రూం కూడ ఉన్నది. అది గచ్చిబౌలిల అయినా, న్యూయార్క్‌ల అయినా, "మీరేమిట్లు" అని అడగకుండ దొరకాలె.

జై భీం.